బోరు పక్క మామిళ్లే ముందెందుకు ఎండాయి? చెట్టు లోపలి గొట్టాల సంగతి

పోయిన వీడియోలో టేకు మోడు మీద వలయాలు చూపించాను కదా. "అన్నా, ఆ గీతలతో మామిడి రైతుకేం పని?" అని చాలామంది అడిగారు. పని ఉంది. వీడియోలో టైమ్ చాలలేదు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు నా నష్టం చెప్తాను. మాది అనంతపురం వైపు. ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడితే గొప్ప. బోరు దగ్గర 40 మామిడి చెట్లు పెట్టి, మొదలు దగ్గరే డ్రిప్ వేసి రోజూ నీళ్లిచ్చాను. పైపు అందని గుట్ట వైపు 25 పెట్టాను. వాటికి రెండేళ్లు వారానికోసారి ట్యాంకర్ నీళ్లు, ఆ తర్వాత వాన, ఆచ్ఛాదన, అంతే. 2018లో వాన తప్పింది, బోరు ఆగిపోయింది. ఏపుగా, పచ్చగా ఉన్న బోరు పక్క చెట్లే కొనల నుంచి ఎండుతూ వచ్చాయి. 11 పోయాయి. గుట్ట వైపువి ఆకు రాల్చి నిలబడ్డాయి, పోయినవి రెండే.

"రోజూ తాపితే చెట్టు సోమరైతాదిరా" అన్నాడు మా నాన్న. వేర్లు లోతుకు పోవని ఆయన ఉద్దేశం. నిజమే. కానీ చెక్కలో కూడా ఒక కారణం ఉంది. డిప్లొమాలో "దారువు నీటిని పైకి తీసుకెళ్తుంది" అని ఒక్క లైను చదివి వదిలేశాం. అసలు సంగతి అక్కడే ఉంది.

చెట్టులో మోటారు లేదు

నీటిని కింద నుంచి ఎవరూ తోయరు. ఆకుల నుంచి నీరు ఆవిరైపోతుంటే, ఆ లాగుడుకి సన్నని గొట్టాల్లో నీరు దారంలా పైకి వస్తుంది. నేల ఎండేకొద్దీ ఈ లాగుడు పెరుగుతుంది. ఒక హద్దు దాటితే గొట్టం గోడల్లోని సూక్ష్మ రంధ్రాల గుండా గాలి లోపలికి దూరుతుంది. మోటారుకి ఎయిర్ పట్టినట్టే. ఇక ఆ గొట్టం నీరు లాగదు. ఇలాంటి గొట్టాలు ఎక్కువైతే కొమ్మ కొన నుంచి ఎండుతుంది.

వెడల్పు గొట్టంతో లాభం చాలా ఎక్కువ. వెడల్పు సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. కానీ మామూలుగా కరువులో ముందు గాలి పట్టేదీ ఆ వెడల్పు గొట్టాలకే. సన్న గొట్టాలు తక్కువ నీరు తెస్తాయి, కానీ ఎక్కువ కాలం తట్టుకుంటాయి.

చెట్టు సర్దుబాటు ఎలా చేసుకుంటుంది?

బెరడు కింద పలుచని పొర ఒకటి కొత్త చెక్కను కడుతుంటుంది. అక్కడ పుట్టిన కణం నీటి ఒత్తిడితో ఉబ్బి గొట్టమవుతుంది. నీరు బాగా ఉంటే బాగా ఉబ్బి వెడల్పు గొట్టం, కొరత ఉంటే సన్న గొట్టం. టేకు మోడు మీద ఇది కంటికే కనిపిస్తుంది. వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు, చివరికి చిన్నవి. వాన తక్కువైన ఏడాది వలయమే సన్నబడుతుంది. కేరళ టేకు వలయాలు చదివి పుణె ఐఐటీఎం శాస్త్రవేత్తలు 500 ఏళ్లకు పైగా వెనకటి కరువుల జాడ పట్టారు. మామిడిలో వలయాలు ఇంత స్పష్టంగా కనబడవు గానీ, గొట్టం తయారయ్యే పద్ధతి అదే.

అసలు గుర్తుంచుకోవాల్సింది ఇది: గొట్టం తయారయ్యాక ఆ కణం చనిపోతుంది. ఒకసారి వెడల్పుగా కట్టింది మళ్లీ సన్నబడదు. చెట్టు సర్దుకునేది కొత్త చెక్కలోనే. నా బోరు పక్క చెట్లు రోజూ నీళ్లుంటాయన్న లెక్కన కట్టుకున్నాయి. నేను ఒక్కసారిగా ఆపేశాను. నా తోట ప్రయోగశాల కాదు, నేల తేడా కూడా ఉండొచ్చు. కానీ అప్పటి నుంచి పద్ధతి మార్చాను.

ఇప్పుడు నేను చేస్తున్నది

1. రోజూ కొంచెం కాకుండా, ఎడం ఇచ్చి లోతుగా తడుపుతాను. పాలేకర్ గారు వాఫస గురించి చెప్పినట్టు, మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ అంచుకి అవతల నీళ్లిస్తాను. చెట్టు పెరిగేకొద్దీ డ్రిప్ బయటికి జరుపుతాను.

2. అలవాటు పడిన చెట్టుకి ఎండాకాలంలో నీళ్లు హఠాత్తుగా ఆపను. వానలు మొదలయ్యాక, కొత్త చెక్క కడుతున్నప్పుడు, తడి తడికీ మధ్య రోజులు మెల్లగా పెంచుతాను. దీనికి ఒక ఏడాది చాలదు, రెండు మూడు సీజన్లు పడుతుంది.

3. యూరియాతో ఏపు తెప్పించను. పాప్లర్ మీద చేసిన ప్రయోగాల్లో నత్రజని ఎక్కువిచ్చిన మొక్కల గొట్టాలు వెడల్పయ్యి, కరువుకి తొందరగా లొంగాయి.

4. కరువు మొదలైందనిపిస్తే పిందె తగ్గిస్తాను, కొమ్మలు కొంత కత్తిరిస్తాను. ఆకు తగ్గితే లాగుడు తగ్గుతుంది. ఆచ్ఛాదన మందంగా వేస్తాను.

దీనికి ధర కూడా ఉందండీ. సన్న గొట్టాల చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది, కాపు ఒకటి రెండేళ్లు ఆలస్యం కావచ్చు. బోరు ఎప్పటికీ ఆగదని నమ్మకం ఉన్నవాళ్లకి ఈ బాధ అక్కర్లేదు. నాకు ఆ నమ్మకం 2018లోనే పోయింది.

మీ పొలంలో ఎండిన చెట్టు కొట్టినప్పుడు మోడుని ఒకసారి తడిపి చూడండి. టేకైతే ఏ ఏడాది ఎంత కష్టపడిందో అదే చెప్తుంది.