పాత మోటారు కార్ల గ్రీజు గన్నులు – గుర్తించు విధము

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని సామెత. రెండు లోహపు తలములు రాచుకొన్నప్పుడు వేడి పుట్టును, లోహము అరుగును. నడుమ కందెన పొర నిలిచినచో ఈ నష్టము తగ్గును. ఎద్దుబండి ఇరుసునకు చేతితోనే కందెన పూయవచ్చును. మోటారు కారులో రాపిడి జరుగు కీళ్లు లోపల నుండుటచే గ్రీజును లోనికి నెట్టు సాధనము అవసరమైనది. పాత కార్లతో దొరకు ఇట్టి సాధనములను గుర్తించుటకు గొట్టమును గాక, దాని మూతిని పరిశీలింపవలెను.

మొదటి రకమునకు గన్నే లేదు. కీలుపై చిన్న కప్పు ఉండును. దాని మూతలో గ్రీజు నింపి, మరచుట్లపై బిగించిన కొలది గ్రీజు లోనికి దిగును. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు టి మోడలు కార్లలో ఇవి కలవు.

రెండవది పిన్ను రకము. మొదటి ప్రపంచయుద్ధ కాలమున చికాగోలో ఆర్థర్ గల్‌బోర్గ్ దీనిని రూపొందించెను. అలెమైట్ అను పేర ప్రసిద్ధి కెక్కినది. నిపిల్‌కు అడ్డముగా చిన్న పిన్ను, గన్ను మూతికి చీలిక ఉండును. విద్యుద్దీపపు బల్బును హోల్డరులో తగిలించునట్లే, మూతిని పిన్నుపై నుంచి త్రిప్పినచో పట్టుకొనును.

మూడవది వియన్నాలో జన్మించిన ఆస్కార్ జెర్క్ పేరుతో నున్నది. దీని తొలి గన్నుల మూతికి చీలిక గాని కొక్కెము గాని లేదు, గుంటవలె నుండును. గుండ్రని నిపిల్‌పై ఆనించి చేతితో నెట్టవలెను.

నాల్గవది నేటికిని వాడుకలో నున్నది. మూతిలోని చిన్న దవడలు నిపిల్ మెడను పట్టుకొనును. నిపిల్ లోపల స్ప్రింగుపై నున్న చిన్న గుండు కవాటమువలె పనిచేసి, గ్రీజు వెనుకకు రాకుండ ఆపును.

మూతి పట్టు ఇంత ముఖ్యమగుటకు కారణము పీడనము. గన్ను పిడిపై 20 కిలోగ్రాముల బలము ప్రయోగించితి మనుకొందము. తులాదండము దానిని 15 రెట్లు చేసినచో 300 కిలోగ్రాము లగును. పిస్టను వైశాల్యము 20 చదరపు సెంటీమీటర్లైనచో పీడనము చదరపు సెంటీమీటరునకు 15 కిలోగ్రాములే. వైశాల్యము అర చదరపు సెంటీమీటరైనచో 600 కిలోగ్రాములు! ఘర్షణ వలన కొంత తగ్గినను, ఎండి గట్టిపడిన పాత గ్రీజును కదల్చుటకు ఇట్టి పీడనమే కావలెను.

మూతి నిపిల్‌కు సరిపడనిచో గ్రీజు ప్రక్కలనుండి పొంగిపోవును. గ్రీజు పెట్టితిమను భ్రమ కలుగును గాని, లోపల కీలు అరుగుచునే యుండును. సాధారణముగా కీలు అంచులనుండి పాత గ్రీజు వెలువడినప్పుడే క్రొత్తది లోనికి చేరినట్లు తెలియవలెను. ముందుగా నిపిల్‌ను తుడువనిచో దుమ్ము కూడ లోనికి పోవును.

ఒక హెచ్చరిక. గన్ను మూతికి గాని, చీలిన గొట్టమునకు గాని చేయి అడ్డు పెట్టరాదు. అధిక పీడనముతో గ్రీజు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి సూదిపోటువలె కనిపించినను వ్రేలినే కోల్పోవచ్చును. నొప్పి లేకున్నను వెంటనే వైద్యశాలకు పోవలెను.

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగినను, వాటిని మరమ్మతు చేయువారి యొద్ద గ్రీజు గన్నులు చూడవచ్చును. ఉపాధ్యాయులు పిడి పొడవును, పిస్టను వ్యాసమును విద్యార్థులచే కొలిపించి, పై లెక్కను చేయించవచ్చును.