బట్టల పెట్టె – దాని యమరిక

సోమవారము ఉదయము ఎనిమిది గంటలు. బడికి పోవలసిన బాలుఁడు బీరువా ముందు నిలిచి యున్నాఁడు. చొక్కా దొరకినది, లాగు దొరకలేదు. లాగు దొరకునప్పటికి మేజోళ్లలో నొకటి కనఁబడకున్నది. తల్లి పొయ్యిమీఁది పాలు విడిచి పరుగెత్తుకొని వచ్చి, అఱలోని బట్టలన్నిటిని నేలపైకి లాగినది. పాలు పొంగినవి. చెల్లెలు ఏడ్చినది. తండ్రి కేక వేసినాఁడు. కడకు మేజోడు మంచము క్రింద దొరకెను గాని, ఆ యింట నానాఁటి ప్రశాంతి మాత్రము మరల దొరకలేదు. ఇట్టి యుదయమును ఎఱుగని కుటుంబములు మన పాఠకులలో మిక్కిలి తక్కువగా నుండునని తలఁచెదను.

ఈ యిబ్బంది బట్టల కొఱతవలన కలుగునని కొందఱు చెప్పుదురు. విచారించి చూచినచో, బట్టలు హెచ్చుగా నున్న యిండ్లలోనే యిది తఱచుగా కనఁబడును. రెండు జతలు మాత్రమే గల విద్యార్థికి ఒకటి ఒంటిమీఁదను, ఒకటి దండెముమీఁదను ఉండును, వెదకవలసినది లేదు. ఇరువది చొక్కాలు గలవానికి ఏది ఉతికినదో, ఏది గుండీ ఊడినదో, ఏది పొట్టియైనదో ప్రతిదినమును క్రొత్తగా తెలిసికొనవలసి వచ్చును. అమెరికా దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుఁడగు విలియం జేమ్సు 1890 వ సంవత్సరమున ప్రకటించిన తన గ్రంథమున అలవాటును గూర్చి యొక ప్రకరణము వ్రాసెను. నిత్యకృత్యములలోని చిన్న పనులను ఎంతగా అలవాటునకు అప్పగింతుమో, మనస్సు అంతగా గొప్ప పనులకు తీఱిక గలిగి యుండునని ఆయన యభిప్రాయము. తెల్లవాఱి లేచి ఏ చొక్కా తొడుగుకొందునా యని పది నిమిషములు తబ్బిబ్బుపడిన బాలుఁడు, లెక్కల మీఁద పెట్టవలసిన బుద్ధిలో కొంత బీరువా యొద్దనే ఖర్చు చేసి వచ్చుచున్నాఁడు.

బట్టలు పెట్టుకొను సాధనము ఏదైనను సరియే. పూర్వము మన యిండ్లలో భోషాణములును దండెములును ఉండెడివి. తరువాత రేకు ట్రంకుపెట్టెలు వచ్చినవి. అలమార యను మాట పోర్చుగీసువారి ఆర్మారియు నుండి మనకు సంక్రమించినది. పేరు మాఱినను, సర్దుకొను పని మాఱలేదు.

సర్దుటకు మొదటి పని ఖాళీ చేయుట. అఱలోనివానిని అటునిటు జరిపినంత మాత్రమున సర్దినట్లు కాదు. ఒక సెలవుదినమున ఇంటిలోని బట్టలన్నిటిని చాపమీఁద ఒక్కచో కుప్పగా పోయవలెను. జపాను దేశస్థురాలగు మేరీ కొండో ఈ పద్ధతినే బోధించినది. ఆమె గ్రంథము 2014 లో ఆంగ్లమున వెలువడి అనేక దేశములలో చదువఁబడినది. కుప్పను చూచినప్పుడు గాని మనకెన్ని యున్నవో మనకే తెలియదు. చేతఁ బట్టుకొన్నప్పుడు మనస్సునకు సంతోషము కలిగించుదానినే యుంచుకొని, తక్కినవానికి వీడ్కోలు చెప్పవలెనని యామె సూత్రము. ఇది నాకు పూర్తిగా సమ్మతము కాదు. మన యిండ్లలో అన్న లాగు తమ్మునికి, అక్క పావడ చెల్లెలికి పోవును. వానిని చూచి ఎవ్వరికి సంతోషము కలిగినను కలుగకున్నను అవి పనికివచ్చునవియే. కావున, ‘రానున్న సంవత్సరములో ఈ యింట దీనిని ఎవరు ధరింతురు’ అని అడుగుట మేలు. జవాబుగా ఒక పేరు వచ్చినచో బట్ట నిలుచును. రానిచో దానికి దారి చూపవలెను. మెత్తనైన నూలుచీరలు బొంతకు పనికివచ్చును. చినిగిన పంచె తుడుపుగుడ్డ యగును. పాతబట్టలకు స్టీలుగిన్నెలిచ్చువారు వీధిలోనికి వత్తురు. వారితో బేరము చేయుట మన తల్లులకు నేర్ప నక్కఱలేదు. ఒరులకు ఊరక ఇచ్చునప్పుడు మాత్రము ఉతికి, గుండీలు కుట్టి యీయవలెను.

మిగిలినవానిని పెట్టుటలో చూడవలసినది అందము కాదు, వాడుక. దినదినము తీయునవి చేతికందు ఎత్తునను, పండుగబట్టలు పై అఱలోను, దుప్పట్లు అడుగునను ఉండవలెను. చిన్నపిల్లల బట్టలు చిన్నపిల్లలకే అందునట్లు క్రింద నుండనిచో ప్రతి యుదయమును తల్లియే తీసి యీయవలసి వచ్చును. ఈ సంగతి చాల యిండ్లలో మఱచిపోవుదురు. ఒకదానిపై నొకటిగా పేర్చినప్పుడు అడుగుదానిని లాగఁగానే పైవన్నియు కూలును. అందువలన చొక్కాలను చిన్నవిగా మడచి, పుస్తకములను నిలిపినట్లు ప్రక్కప్రక్కన నిలువుగా ఉంచుట మంచిది. వసతిగృహ విద్యార్థుల ట్రంకుపెట్టెకు ఇది మఱింత అనుకూలము. మూఁత తెఱవఁగానే అన్నియు ఒక్క చూపున కనఁబడును.

బడిదుస్తులను చొక్కా లొకచోట, లాగు లొకచోట పెట్టక, చొక్కా, లాగు లేక పావడ, మేజోళ్లు, చేతిరుమాలు అన్నిటిని ఒక్క మూటగా చుట్టి పెట్టవలెను. ఉతికిన బట్టలు దండెమునుండి దిగినప్పుడే యీ పని జరుగవలెను. గుండీ ఊడిన చొక్కాను మూటలోనికి చేరనీయరాదు. వేసవిలో రెండు మూటలు చాలును. వానకాలమున బట్ట ఆఱుటకు ఒక్కొక్కప్పుడు రెండు దినములు పట్టును గనుక మూఁడవది కావలెను. అంతకు మించి కొనుట తండ్రి సొమ్మునకు నష్టము. పెరుగుచున్న పిల్లలకు ఆ బట్టలు వాడకయే పొట్టియగును.

ఇఁక పెట్టెలో మనకు తెలియకుండ కాపురముండు శత్రువుల సంగతి. రెక్కలతో ఎగురు చిమ్మట బట్టను తినదు. తినుటకు తగిన నోరే దానికి లేదు. అది పెట్టిన గ్రుడ్లనుండి వెలువడు పురుగు ఉన్నిని, పట్టును తినును. చెమటయు కూరమరకయు గల బట్ట యన్న దానికి మిక్కిలి ప్రీతి; చీఁకటియు, కదలిక లేని చోటును దానికి కావలెను. గంజి పెట్టిన నూలుబట్టలను కొఱుకునది వేఱొకటి: పాత పుస్తకముల నడుమ సరసర పరుగెత్తు వెండివన్నె పురుగు. కావున చాల దినములు దాఁచఁదలఁచిన బట్టకు గంజి పెట్టరాదు. మూఁడవ శత్రువు బూజు. కోస్తా జిల్లాలలో వానకాలపు తేమ దానికి చక్కని ఆధారము. పూర్తిగా ఆఱని చొక్కా నొకదానిని లోపల పెట్టినచో దాని తేమవలన ప్రక్కవానికిని బూజు పట్టును.

వీనికి విరుగుడుగా మనవారు కలరా ఉండలు వేయుదురు. పేరే గాని కలరాకును వానికిని సంబంధము లేదు; అవి నాఫ్తలీను అను పదార్థముతో చేయఁబడినవి. ఆ పదార్థము కరఁగకయే ఆవిరియై పోవును. ఆ యావిరి మూసిన పెట్టెలో నిండినప్పుడే పురుగును చంపును. దానిని మనము పీల్చుట క్షేమము కాదు. ముఖ్యముగా పసిపిల్లల బట్టలలో వేయనే రాదు. కొందఱు శిశువులకు పుట్టుకతోనే జి-సిక్స్-పి-డి అను ఎంజైము కొఱతగా నుండును. అట్టివారి ఎఱ్ఱ రక్తకణములు ఈ యావిరివలన పగిలి, ప్రాణాపాయమును కలుగవచ్చును. నీడన ఎండిన వేపాకును పలుచని గుడ్డలో మూటకట్టి యుంచుట మన పెద్దల పద్ధతి. దాని శక్తి స్వల్పము, పచ్చియాకు వేసినచో మరకయు నగును. వీని యన్నిటికంటె నెలకొకమాఱు పెట్టె తెఱచి బట్టలను దులిపి గాలికి వేయుటయే ఉత్తమము.

ఈ మాట నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. మా తల్లిగారి పెండ్లినాఁటి పట్టుచీర, నిండు జరీ యంచుది, మా యింట నుండెను. ఆమె పోయిన తరువాత దానిని ఎవ్వరును ముట్టరాదని నేనే ప్లాస్టికు సంచిలో చుట్టి, పై అఱలో పెట్టి తాళము వేసితిని. పదునొకండు సంవత్సరములు అది వెలుఁగు చూడలేదు. నా కుమార్తె తన పెండ్లికి నాయనమ్మ చీర కట్టుకొందునని కోరఁగా తీసి విప్పితిమి. మడత పడిన చోటులన్నిట పట్టు కత్తితో కోసినట్లు చీలియుండెను, జరీ నల్లఁబాఱెను. పురుగు తినలేదు, దొంగ యెత్తుకొనిపోలేదు. నా ప్రేమయే దానిని చెఱిచినది. పట్టుపోఁగు ఏండ్లతరబడి ఒకేచోట వంగియున్నచో పెళుసెక్కి తెగును. జరీలోని వెండి గాలియందలి గంధకముతో కలిసి నల్లనగును. ప్లాస్టికు సంచి తేమను లోపలనే బంధించును. అందుచేత పట్టుచీరను ఉతికిన పాత నూలుపంచె ముక్కలో చుట్టి, మూఁడు నెలలకొకమాఱు విప్పి, నీడన గాలికి వేసి, మడతచోటు మార్చి మడువవలెను. గద్వాల చీరలకు నడిమిభాగము నూలు, అంచును కొంగును పట్టు. నూలుచీరయే గదా యని వానిని నిర్లక్ష్యము చేయరాదు. అన్నిటికంటె మంచిది అప్పుడప్పుడు కట్టుకొనుట. మా తల్లిగారి చీరలో చెడని యంచు కొంత మిగిలెను. దానిని రవికెకు కుట్టించుకొని నా కుమార్తె పెండ్లిపీటలమీఁద కూర్చుండెను. ఆ రవికె ఇప్పుడు పై అఱలో లేదు. ప్రతి పండుగకును బయటికి వచ్చుచున్నది.

జూన్ మాసమున వసతిగృహమునకు రానున్న విద్యార్థులు ట్రంకుపెట్టె మూఁత లోపలివైపున ఒక కాగితము అంటించి, చొక్కా లెన్ని, లాగు లెన్ని, తువ్వాళ్లు, దుప్పటు లెన్ని యని వ్రాసికొనవలెను. చాకలికి వేసినప్పుడు ఆ లెక్క అక్కఱకు వచ్చును. పెట్టెలో ఒక మూల చిన్న డబ్బాలో సూది, తెల్లదారము, నల్లదారము, నాలుగు గుండీలు ఉండవలెను. గుండీ కుట్టుట బాలికల పని యని తలఁచు బాలురు కొందఱు కలరు. వారి చొక్కాలకు పిన్నీసులే కనఁబడును. మూఁతమీఁది లెక్కను సిరాతో గాక పెన్సిలుతో వ్రాయుట మంచిది. దసరా సెలవులకు ఇంటికి పోవునప్పటికి ఒక లాగు పొట్టియై తమ్మునికి చేరును.