పైన రంగు, లోపల తుప్పు: పాత కారు బాడీ రిపేరుపై అపోహలు – వాస్తవాలు

తాతగారి అంబాసిడర్‌నో, నాన్న ఇష్టపడి కొనుక్కున్న ప్రీమియర్ పద్మినినో మళ్లీ రోడ్డెక్కించాలని చాలామందికి ఉంటుంది. ఇంజిన్‌దేముంది, తెలిసిన మెకానిక్ దొరికితే బాగుపడుతుంది. అసలు పరీక్ష పెట్టేది బాడీ. 1950ల చివరి నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్‌కైనా, బొంబాయిలో తయారైన పద్మినికైనా ఇవాళ కంపెనీ నుంచి కొత్త రేకులు రావు. ఉన్న బాడీని కాపాడుకోవడమే మార్గం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో తిరిగిన కారైతే ఈ పని మరీ కష్టం. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టడం జోరందుకుంటుంది. దానికి ఉప్పు తోడైతే అంతకన్నా తక్కువ తేమ కూడా చాలు.

కార్లను తుప్పు ఎంత పాడు చేస్తోందో, తుప్పు గురించి మనలో పాతుకుపోయిన నమ్మకాలూ అంతే పాడు చేస్తున్నాయి. వేలకు వేలు పోసి రంగు వేయించిన కారు రెండు వానాకాలాలు తిరగకుండానే మళ్లీ బుడగలు తేలుతోందంటే, కారణం చాలావరకు ఆ నమ్మకాలే. వాటిలో ముఖ్యమైనవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: పాతకాలం కార్ల రేకు మందం. వాటికి తుప్పు అంత తేలిగ్గా పట్టదు.

వాస్తవం: రేకు మందంగా ఉంటే చిల్లు పడటానికి ఇంకొన్నాళ్లు పడుతుంది, అంతకుమించి లాభం లేదు. తుప్పును ఆపేది మందం కాదు, రేకుకు పట్టించిన రక్షణ పొర. బాడీ మొత్తాన్ని ప్రైమర్ తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో మూలమూలకూ పొర పట్టించే ఎలక్ట్రోకోటింగ్‌ను ఫోర్డ్ కంపెనీ 1960లలో వాడకంలోకి తెచ్చింది. పోర్షె 911 బాడీకి జింకు పూత వచ్చింది 1970ల మధ్యలో. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అంతకుముందే, 1950ల మధ్యలో పుట్టింది. ఆనాటి బాడీల్లో నలువైపులా మూసుకుపోయిన భాగాల లోపలికి రంగు సరిగా చేరేది కాదు. కాబట్టి పాత కారుకు తుప్పు భయం ఎక్కువే తప్ప తక్కువ కాదు.

అపోహ: రంగు మీద చిన్న బుడగ లేచింది, అంతే. గీకి టచప్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: రాయి తగిలి రంగు లేచిన చోట పట్టే తుప్పు పైనుంచి లోపలికి వెళుతుంది. అది నిజంగానే చిన్న పని. కానీ దెబ్బ ఏదీ తగలకుండా తలుపు కింది అంచులోనో, మడ్‌గార్డు వంపులోనో రంగు దానంతటదే ఉబ్బితే, తుప్పు లోపలి వైపు నుంచి రేకును తినేసి బయటికి వచ్చిందనే అర్థం. ఇనుము తుప్పుగా మారితే అనేక రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ ఉబ్బే రంగును పైకి నెడుతుంది.

పరీక్ష చాలా సులువు. స్క్రూడ్రైవర్ పిడితో ఆ చుట్టుపక్కల మెల్లగా కొట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు, లప్పం దట్టించిన చోటు డబడబమంటాయి. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే కరకరమని లోపలికి దిగిందంటే అక్కడ మిగిలింది రంగు మాత్రమే. రూపాయి బిళ్లంత బుడగ కింద అరచేతంత రేకు పోయి ఉండటం టింకరింగ్ షెడ్లలో రోజూ కనిపించేదే. కాబట్టి ఖర్చు లెక్క బుడగను చూసి వేయకూడదు, రంగు గీకాక వేయాలి.

అపోహ: చిల్లు మీద ఫైబర్ వేసి లప్పం పెడితే తుప్పు పని ముగిసినట్టే.

వాస్తవం: బాడీ లప్పం ఉన్నది చిన్న సొట్టలను, వెల్డింగ్ గీతలను చదును చేయడానికి. దాని మందం మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. అందులో సుద్ద వంటి పొడులు ఉంటాయి కాబట్టి అది తేమను పీల్చుకుంటుంది. చిల్లు వెనక వైపు తెరిచే ఉంటుంది కనుక చక్రం చిమ్మిన నీరు అటునుంచి లప్పానికి చేరుతుంది. అంచుల్లో మిగిలిన తుప్పు ఆ తడితో బతుకుతుంది. రేకు ఉబ్బుతుంది, లప్పం పలకలా ఊడి వస్తుంది. ఫైబర్‌ది కూడా ఇదే కథ. ఫైబర్‌కు తుప్పు పట్టని మాట నిజమే, కానీ అది అంటుకుని ఉన్న రేకుకు పడుతుంది.

పాత కారు కొనేవాళ్లు ఒక చిన్న అయస్కాంతానికి పలుచటి గుడ్డ చుట్టి తలుపుల కింద, చక్రాల వంపుల మీద పెట్టి చూడాలి. పైభాగంలో గట్టిగా పట్టుకున్న అయస్కాంతం కిందికి వచ్చేసరికి జారిపోతే అక్కడ లప్పం మందంగా ఉందన్నమాట. రంగు ఎంత తళతళలాడినా దాన్ని నమ్మొద్దు.

అపోహ: రస్ట్ కన్వర్టర్ పూస్తే తుప్పంతా మళ్లీ ఇనుమైపోతుంది.

వాస్తవం: పోయిన ఇనుము తిరిగి రాదు. ఈ ద్రావకాల్లో ఎక్కువగా ఉండేది ఫాస్ఫారిక్ యాసిడ్ లేదా టానిక్ యాసిడ్. అవి పలుచటి తుప్పుతో కలిసి నీటికి అంత తేలిగ్గా లొంగని నల్లటి పొరగా మారతాయి. పైపైన పట్టిన తుప్పుకు ఇది మంచి మందే. పెచ్చులుగా ఊడే మందపాటి తుప్పు మీద పూస్తే మాత్రం పై పొర నల్లబడుతుంది, కింద తుప్పు అలాగే ఉంటుంది. ముందు వైర్ బ్రష్‌తోనో, గ్రైండర్‌తోనో పెచ్చులన్నీ తీసేయాలి. కన్వర్టర్ అవసరం వచ్చేది గుంటల్లో మిగిలిన కాస్త తుప్పుకే.

తుప్పు అంటురోగంలా పక్క రేకుకు పాకుతుందని కూడా చాలామంది భయపడతారు. నీరు, గాలి చేరకపోతే తుప్పు ముందుకు సాగదు. పాకుతున్నట్టు కనిపించడానికి కారణం, వదిలేసిన పెచ్చులు తడిని పట్టి ఉంచడమే.

అపోహ: పాడైన రేకు మీద కొత్త రేకు వేసి వెల్డింగ్ చేస్తే రెండింతల బలం.

వాస్తవం: బలం రాదు, రెండు రేకుల మధ్య తడి నిలిచే సందు వస్తుంది. కింది రేకు పుచ్చిపోతూ పై రేకునూ తినేస్తుంది. సరైన పద్ధతిలో ముందు, మెరిసే లోహం కనిపించేదాకా చుట్టూ కోసేయాలి. ఆ ఖాళీ మీద అట్టముక్క పెట్టి ఆకారం గీసి, అదే మందం ఉన్న రేకును ఆ కొలతకు కత్తిరించి, సుత్తితో వంపు తిప్పి, అంచుకు అంచు ఆనేలా కూర్చోబెట్టాలి. తర్వాత వెల్డింగ్, దాని మీద గ్రైండింగ్, రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్. లప్పం పని చివర్లో వస్తుంది, అదీ పలుచగా.

ఇందులో ప్రాణాలతో ముడిపడిన విషయం ఒకటుంది. అంబాసిడర్, పద్మిని రెండింటికీ లారీలకు ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బండి బరువంతా మోస్తుంది. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే పెట్టెలాంటి భాగాన్ని సిల్ అంటారు. అందం కోసం పెట్టింది కాదది, బండికి వెన్నెముక. దాన్ని ఆనికలు పెట్టకుండా కోసేస్తే బాడీ మధ్యలో కుంగుతుంది, తర్వాత తలుపులు సరిగా పడవు. కోసే ముందే లోపల అడ్డబద్దలు వెల్డింగ్ చేసి, తలుపుల సందులు కొలిచి రాసిపెట్టుకుని, ఒక్కో వైపే పని చేయాలి. సిల్ మీద రేకు కప్పి రంగు వేసిన కారు చూడటానికి బాగుంటుంది కానీ, గుద్దుకున్నప్పుడు లోపలివాళ్లను కాపాడలేదు.

అపోహ: మిగ్ వెల్డింగ్ మిషన్ ఉంటే చాలు, పని దానంతటదే బాగా వస్తుంది.

వాస్తవం: బాడీ రేకు సుమారు ఒక మిల్లీమీటరు మందమే. ఏ మిషన్‌తోనైనా ఆగకుండా ఒకే గీతగా వెల్డింగ్ లాగితే వేడికి రేకు అలలు తిరుగుతుంది. చుక్కలు చుక్కలుగా, ఒక చుక్క ఇక్కడ పెడితే తర్వాతిది దూరంగా పెడుతూ, మధ్యలో రేకు చల్లారనిస్తూ అతకాలి. మిగ్‌లో వేడి తక్కువ చోట ఉంటుంది, కానీ అతుకు గట్టిపడి సుత్తికి లొంగదు. గ్యాస్ వెల్డింగ్‌లో వేడి ఎక్కువ దూరం పాకుతుంది, కానీ అతుకు మెత్తగా ఉండి సుత్తితో సాగదీయడానికి వీలిస్తుంది. తెలిసిన చేతిలో రెండూ మంచివే. బండి బరువు మోసే భాగాలను ఇత్తడితో అతికించడానికి మాత్రం ఒప్పుకోవద్దు.

అపోహ: పెట్రోల్ ట్యాంకు ఖాళీ చేశాం, ఇక పక్కన వెల్డింగ్ చేసుకోవచ్చు.

వాస్తవం: ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. అందులో మిగిలిన ఆవిరి గాలితో కలిస్తే ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. ట్యాంకును బండి నుంచి విప్పి దూరంగా పెట్టించండి. బ్యాటరీ తీసేయాలి, సీట్లు, కార్పెట్లు బయట పెట్టాలి. జింకు పూసిన రేకును వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. హార్డెనర్ కలిపే రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు రుమాలు కట్టుకుంటే వాటి నుంచి రక్షణ దొరకదు. తగిన మాస్కు, గాలి ఆడే షెడ్డు టింకర్‌కూ పెయింటర్‌కూ దక్కాల్సిన కనీస భద్రత.

అపోహ: బాడీ మొత్తానికి ఇసుక బ్లాస్టింగ్ చేయిస్తే తుప్పు సమూలంగా పోతుంది.

వాస్తవం: మందపాటి సస్పెన్షన్ భాగాలకు, చక్రాలకు బ్లాస్టింగ్ బాగానే పనికొస్తుంది. బానెట్, టాపు, తలుపుల వంటి వెడల్పాటి పలుచటి రేకుల మీద ఎక్కువ ఒత్తిడితో కొడితే ఉపరితలం సాగి రేకు ఉబ్బుతుంది, దాన్ని మళ్లీ దారికి తేవడం చాలా కష్టం. అలాంటిచోట రంగు తీసే రసాయనమో, చేతిపనో మేలు. ఇసుక ధూళి వల్ల సిలికోసిస్ వస్తుందన్నదీ మరిచిపోకూడదు. బ్లాస్టింగ్ అయిన రేకును వట్టిగా వదిలేస్తే మన తీరప్రాంతపు గాలికి కొన్ని గంటల్లోనే ఎర్రబడుతుంది. ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. మామూలు ప్రైమర్ తేమను ఆపలేదు. ప్రైమర్ కొట్టి నెలల తరబడి షెడ్డులో వదిలేసిన బాడీలకు దాని కిందే తుప్పు పట్టేది అందుకే.

అపోహ: తలుపు అడుగున చిల్లుల్లోంచి నీళ్లు లోపలికి వస్తాయి కాబట్టి వాటిని మూసేయాలి. అడుగున పాత ఇంజిన్ ఆయిల్ కొట్టించాలి.

వాస్తవం: అద్దం పక్కన రబ్బరు ఎంత కొత్తదైనా వాన నీరు కొంత తలుపు లోపలికి దిగుతుంది. ఆ నీరు పోవడానికే కంపెనీ చిల్లులు పెట్టింది. రంగుతోనో, లప్పంతోనో, అండర్‌కోటింగ్‌తోనో అవి మూసుకుపోతే తలుపు తొట్టిలా మారి లోపలి నుంచి కుళ్లుతుంది. బాడీ పని అయ్యాక ప్రతి చిల్లులో తీగ దూర్చి చూసుకోవాలి.

వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో ఆమ్లాలు, ఆరోగ్యానికి హాని చేసే పదార్థాలు ఉంటాయి. అది రబ్బరు బుష్‌లను పాడుచేస్తుంది, నేలలోకి కారుతుంది. తుప్పు మీదే నల్లటి అండర్‌కోటింగ్ దట్టంగా కొట్టడం ఇంకా చేటు, అది తడిని లోపలే బంధిస్తుంది. శుభ్రం చేసి, ప్రైమర్ వేసి, ఆ తర్వాత కోటింగ్ వేయాలి. సిల్స్ వంటి మూసిన భాగాల లోపలికి సన్నటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ కొట్టించాలి. చిన్న ఖర్చే, కానీ కారు ఆయుష్షును పెంచుతుంది.

అపోహ: కవరు కప్పి ఉంచితే చాలు.

వాస్తవం: గాలి ఆడని ప్లాస్టిక్ కవరు కింద రాత్రి పట్టిన చెమ్మ పొద్దెక్కినా ఆరదు. చక్రాల వంపుల్లో పేరుకున్న బురద కూడా అలాగే తడిని పట్టి ఉంచుతుంది. వానాకాలంలో అడుగు కడిగించి, ఆరబెట్టి, గాలి ఆడే నీడలో నిలపండి. కప్పాల్సి వస్తే గాలి పారే బట్ట కవరు వాడండి.

అపోహ: మొత్తం కొత్త రేకులు వేయిస్తే విలువ పెరుగుతుంది.

వాస్తవం: పాత కారుకు విలువ తెచ్చేది అసలుతనం. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసిస్, బాడీషెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయని వాహనాలకే వింటేజ్ గుర్తింపు దక్కుతుంది. అందుకే తుప్పు తిన్నంత మేర కోసి అదే ఆకారంలో అతికే పనికే విలువ. బాగున్న పాత రేకును విప్పి పాత ఇనుము కొట్టుకు పంపకండి.

చివరిగా, పాత కారు సొంతదారులందరికీ ఒక విన్నపం. రంగు ఎలా ఉంటుందని అడిగే ముందు రేకు ఎలా ఉందని అడగండి. లప్పం పెట్టకముందు, ప్రైమర్ కొట్టకముందు షెడ్డుకు వెళ్లి మీ కళ్లతో చూడండి. ప్రతి దశలో ఫొటోలు తీయించుకోండి. బడ్జెట్ తక్కువైతే మెరిసే రంగును వచ్చే ఏడాదికి వాయిదా వేయండి గానీ వెల్డింగ్‌లో, ఎపాక్సీ ప్రైమర్‌లో పొదుపు చేయకండి. రేకును ఓపికగా కోసి, వంచి, అతికే టింకర్‌కు అడిగినంత సమయం, తగిన కూలి ఇవ్వండి. ఆ పని సరిగా జరిగిన కారునే మీ పిల్లలు కూడా నడపగలుగుతారు.