పయనమునకు ముందటి యేడు

మన యిండ్లలో నేడొక క్రొత్త మాట వినవచ్చుచున్నది. పట్టము పుచ్చుకొని ఉద్యోగమున చేరిన అమ్మాయి, రెండు మూడేండ్లు గడచిన పిమ్మట, “నేను మరల చదువుకొందును” అనును. ఆ మాట వెలువడిన నాటినుండి ఆమె విద్యాలయమున నడుగిడు నంతవరకు గడచు కాలము ఇంటిల్లిపాదికిని పరీక్షయే. వచ్చు జీతము నిలిచిపోవును, వయస్సు ఆగదు, పెండ్లి మాట యొకవైపు, తల్లిదండ్రుల ముదిమి యొకవైపు లాగుచుండును. ఇట్టి యేడాది నొకదానిని గూర్చి మా సోదరీమణులకు చెప్పదలచితిమి. అది పోలండు దేశమున జరిగినది.

1867 నవంబరు 7వ తేదీన వార్సా నగరమున జన్మించిన మరియా స్క్లొడోవ్‌స్కా పదునైదేండ్లకే ఉన్నత పాఠశాల చదువును బంగారు పతకముతో ముగించెను. నాడా నగరము రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. అచ్చటి విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. తల్లి 1878లోనే క్షయవ్యాధిచే గతించెను. తండ్రి గణితమును, భౌతికశాస్త్రమును బోధించిన పండితుడే గాని, కూతుండ్రను పరదేశమునకు పంపగల సొమ్ము ఆయనకు లేదు. అక్క బ్రోన్యాకు వైద్యవిద్యపై మక్కువ. అంతట అక్కచెల్లెండ్రు ఒక యొడంబడిక చేసికొనిరి. అక్క ముందుగా పారిసునకు పోవలెను. చెల్లెలు జీతమునకు కుదిరి ఆమెకు సొమ్ము పంపవలెను. అక్క వైద్యురాలైన పిమ్మట చెల్లెలిని పిలిపించుకొనవలెను.

1886 జనవరిలో మరియా ష్చుకి యను పల్లెలో జొరావ్‌స్కీ వారి యింట పిల్లలకు చదువు చెప్పు పంతులమ్మగా చేరెను. జీతము ఏడాదికి 500 రూబుళ్లు. పగలు కొలువు, రాత్రులు తన చదువు. రైతుబిడ్డలకు చాటుగా పోలిషు అక్షరములను నేర్పెను; అది బయటపడినచో శిక్ష తప్పదు. ఇంటి పెద్దకుమారుడు కజిమీరు ఆమెను వలచెను. జీతమునకు వచ్చిన పిల్లను కోడలుగా తెచ్చుకొన నొల్లమని పెద్దలు త్రోసిపుచ్చిరి. అక్క చదువు ఆగరాదని మరియా ఆ యవమానమును దిగమ్రింగి, 1889 వరకు ఆ యింటనే పని చేసెను.

ఈ లోపల తండ్రి వార్ధక్యమున మరియొక ఉద్యోగమున చేరి బ్రోన్యాకు నెలకు 40 రూబుళ్లు పంపసాగెను. బ్రోన్యా చేసిన పని మేము ప్రత్యేకముగా మెచ్చుచున్నాము. అందులో నెలకు 8 రూబుళ్లు తీసి, చెల్లెలు తనకు పంపిన సొమ్ము తీరునట్లు దాచియుంచుమని తండ్రికి వ్రాసెను. ప్రేమ యున్నచోటను లెక్క యుండుట ఎంతయో మేలు.

1890 మార్చిలో పారిసునుండి పిలుపు వచ్చెను. బ్రోన్యాకు తోటి వైద్యునితో వివాహము నిశ్చయమైనది. మరుసటి యేడు వచ్చి తమ యింటనే యుండి చదువుకొమ్మని ఆమె వ్రాసెను. ఇన్నియేండ్లు ఎదురుచూచిన ఆ పిలుపునకు మరియా వెంటనే సరే యనలేకపోయెను. తండ్రి యొద్ద నుండెదనని మాట యిచ్చితిననెను. అన్నకును, మరియొక యక్కకును తోడుపడవలె ననెను. మనసున కజిమీరుపై నాస యింకను మిగిలియుండెను. కుటుంబమునకై త్యాగము చేయుచుంటినని తలచు పిల్ల, తన భయమునే త్యాగమని భ్రమించుట కలదు. ఆ రెంటిని వేరుచేయుటకు ఆమెకు ఏడాది పట్టినది.

ఆ యేడాది వ్యర్థము కాలేదు. వార్సాలో తండ్రితో కాపురముండి, ఇండ్లకు పోయి పాఠములు చెప్పెను. ఆమె దాయాది యోజెఫ్ బొగుస్కీ నగరమున పరిశ్రమ వ్యవసాయ ప్రదర్శనశాల నొకదానిని నడుపుచుండెను. పైకి ఆ పేరు. లోపల పోలిషు యువకులకు విజ్ఞానబోధ. బొగుస్కీ రష్యా రసాయన పండితుడు మెండెలేయెవునకు సహాయకుడుగా నుండినవాడు. ఆ ప్రయోగశాలలో సాయంవేళలను, ఆదివారములను మరియా ఒంటరిగా పనిచేసెను. పుస్తకములలో చదివిన ప్రయోగములను స్వహస్తముతో చేసిచూచెను. కొన్ని ఫలించినవి, కొన్ని చెడిపోయినవి. వంట పుస్తకము చదివినంతమాత్రమున పాకము కుదురదని మన మెరుగుదుము గదా! తన చేయి ఏ పనికి పుట్టినదో ఆమెకు అచ్చట తెలిసినది.

1891 సెప్టెంబరులో జాకొపానె కొండ యూరిలో కజిమీరును కలిసికొనెను. తలిదండ్రుల నెదిరించుటకు అతడింకను జంకుచునే యుండెను. మరియా ఆ బంధమును తానే తెంచివేసెను. ఆ నెలలోనే, నన్ను నిజముగా చేర్చుకొనగలవాయని అక్కకు వ్రాసెను.

ఆ నవంబరులో బయలుదేరెను. చేత సొమ్ము కొద్దిపాటి గనుక పరుపును, దుప్పట్లను ఇంటినుండియే సాగనంపెను. మూడు దినములకు సరిపడు తిండి కట్టుకొనెను. జర్మనీలో నాలవ తరగతి బండిలో నాడు ఆసనము లుండెడివి కావు గనుక మడతకుర్చీ వెంట గొనిపోయెను. ఇరువదినాలుగేండ్ల వయస్సున సార్బాన్ విద్యాలయమున పేరు వ్రాయించుకొనెను. 1893లో భౌతికశాస్త్ర పట్టపరీక్షలో మొదటిదిగాను, 1894లో గణితమున రెండవదిగాను తేరెను. 1893లో దొరికిన 600 రూబుళ్ల విద్యార్థివేతనమును, మరియొక బీద విద్యార్థికి పనికివచ్చునని తరువాత తిరిగి చెల్లించెను. లోకము ఆమెను మేరీ క్యూరీ యను పేర నెరుగును. 1903లోను, 1911లోను నోబెలు బహుమానము లామెకు వచ్చినవి. 1932లో వార్సాలో రేడియం వైద్యాలయము వెలసినప్పుడు దానికి తొలి యధ్యక్షురాలు అక్క బ్రోన్యాయే. ఒడంబడిక ఇరువైపులను నెరవేరినది.

ప్రతి యింటను మేరీ క్యూరీ పుట్టవలెనని మేము కోరము. మేము కోరునది చిన్నది. పై చదువునకు పోదలచిన పిల్ల ఇంటియొద్ద నిలిచిన ఏడాదిని సోమరితనమని యెంచకుడు. ఆమె పంపిన జీతమును మరువక లెక్క యుంచుడు. ఆమె జంకినప్పుడు, బ్రోన్యావలె మరల పిలుచువా రొక్కరైన ఆ యింట నుండవలెను.