వార్తల్లో పదం: కండిషనల్ యూజ్ పర్మిట్

ఒకే వీధిలో రెండు ఖాళీ కొట్లు. ఒకదాంట్లో బర్గర్లమ్మే చిన్న హోటల్, పక్కదాంట్లో గంజాయి దుకాణం పెడతామని అర్జీలు వచ్చాయనుకోండి. కాలిఫోర్నియా ఊళ్లలో మొదటిదానికి సాధారణంగా పెద్ద తతంగం ఉండదు. రెండోదానికి చాలాచోట్ల ‘కండిషనల్ యూజ్ పర్మిట్’ కావాలి. అంటే, ఆ స్థలాన్ని ఫలానా పనికి వాడుకోండి కానీ మా షరతులకు లోబడి, అని ఊరు ఇచ్చే అనుమతి.

ఈ పర్మిట్‌కు అర్జీ పెడితే ఇరుగుపొరుగుకు నోటీసులు వెళ్తాయి. ప్లానింగ్ కమిషన్ బహిరంగ విచారణ పెడుతుంది. వాసన బయటికొస్తే ఏం చేస్తారు, కాపలా ఎవరు, రాత్రి ఎన్నింటికి మూస్తారు... అన్నీ అడుగుతారు. పార్కింగ్ గొడవ మాత్రం హోటల్‌కీ ఉండొచ్చు!

2016లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 64 పెద్దలు గంజాయి వాడటాన్ని చట్టబద్ధం చేసింది. దుకాణాలు వద్దనే హక్కును మాత్రం ఊళ్లకే వదిలింది. దుకాణం బడికి కనీసం 600 అడుగుల దూరంలో ఉండాలన్నది రాష్ట్ర నిబంధన. దాన్నీ స్థానికంగా మార్చుకోవచ్చు. ఏ వ్యాపారం ఎక్కడుండాలో తేల్చే ఈ జోనింగ్ అధికారాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1926లోనే, యూక్లిడ్ కేసులో సమర్థించింది.

అక్కడి మనవాళ్లకో మాట: ఊరు ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోలేదు. వీసాల వ్యవహారం నడిచేది ఆ ఫెడరల్ చట్టం కిందే కాబట్టి, వీసా మీద ఉన్నవారు ఆ కొట్టు మెట్టెక్కకండి.