ఒర్లియంపేట దీపం వెనుక రామగుండం బొగ్గు

పుదుచ్చేరి పట్టణంలోని ఒర్లియంపేటలో విద్యుత్ కేంద్రపు పొగగొట్టం ఒక్కటీ లేదు. అయినా అక్కడి ఇళ్లలో రాత్రివేళ తిరిగే ఫ్యాన్ల వెనుక ఎక్కడో బొగ్గు మండుతూనే ఉంటుంది. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి సొంతమని చెప్పుకోదగిన విద్యుత్ కేంద్రం కారైకాల్‌లోని 32.5 మెగావాట్ల గ్యాస్ కేంద్రమే. పుదుచ్చేరికి అందే విద్యుత్తులో అధిక భాగం కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల నుంచి వాటాగా వస్తుంది. తమిళనాడులోని నైవేలి లిగ్నైట్ కేంద్రాలు, కల్పాక్కం, కైగా అణు కేంద్రాలు, తెలంగాణలోని రామగుండం ఎన్‌టీపీసీ కేంద్రం వాటిలో ముఖ్యమైనవి. తెలుగువారి యానాం సంగతి వేరు. ఆ పట్టణానికి ఆంధ్రప్రదేశ్ నుంచి విద్యుత్ అందుతుంది.

వాడకం ఒకచోట, పొగ మరొకచోట కావడం వల్ల బాధ్యత ఎవరిదన్న ప్రశ్న తలెత్తుతుంది. కేంద్రపాలిత ప్రాంతాలకు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఉండదు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం కేంద్ర మండలి తన అధికారాలను స్థానిక కమిటీకి అప్పగిస్తుంది. పుదుచ్చేరిలో ఉన్నది అటువంటి కమిటీయే. దాని పరిధి రామగుండం వరకు విస్తరించదు. కర్బన ఉద్గారాల తగ్గింపు ప్రధానంగా జాతీయ విధానాల చేతిలో ఉంది.

ఆ విధానంలో లక్ష్యాలు స్పష్టంగానే ఉన్నాయి. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని భారత్ 2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో ప్రకటించింది. 2030 నాటికి స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర ఇంధనాలదే కావాలని 2022లో నిర్ణయించుకుంది. ఈ రెండో లక్ష్యం 2025లోనే, గడువుకు ఐదేళ్ల ముందే నెరవేరింది.

అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సౌర ఫలకాలు ఎండ ఉన్నంతసేపే పనిచేస్తాయి. బొగ్గు కేంద్రం రాత్రింబవళ్లు నడుస్తుంది. అందుకే స్థాపిత సామర్థ్యంలో సగం శుద్ధ ఇంధనానిదే అయినా, 2024-25లో దేశంలో ఉత్పత్తి అయిన విద్యుత్తులో 70 శాతానికి పైగా బొగ్గు, లిగ్నైట్‌ల నుంచే వచ్చింది. వార్తల్లో తరచుగా వినిపించేది మొదటి అంకె; ఒర్లియంపేట వినియోగదారుడికి వర్తించేది రెండోది.

రామగుండంలోనే ఈ తేడా కళ్లకు కడుతుంది. 1983లో తొలి యూనిట్‌తో మొదలైన ఆ కేంద్రం 2,600 మెగావాట్లకు పెరిగింది. దాని జలాశయంపై 2022లో 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం పూర్తయింది. నీటి ఆవిరి నష్టాన్నీ తగ్గించే మంచి ప్రయత్నమే అది. మరుసటి ఏడాది అక్టోబరులో అదే ఊరిలో 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్‌ను జాతికి అంకితం చేశారు. బొగ్గు ఒక్కసారిగా ఆగితే పుదుచ్చేరిలో దీపాలకు కొరత వస్తుంది. సింగరేణి గనులపై ఆధారపడిన కుటుంబాలకు జీవనాధారమే పోతుంది. పరివర్తన నెమ్మదిగా సాగడానికి ఈ భయాలు కూడా కారణమే.

ఒర్లియంపేటవాసి చేతిలో ఉన్నది ఇంటి కప్పు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద తొలి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ. 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు రూ. 18,000 రాయితీ లభిస్తుంది, గరిష్ఠం రూ. 78,000. ఒక కిలోవాట్‌కు నీడ పడని చోటు దాదాపు వంద చదరపు అడుగులు కావాలి. దాని నుంచి రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. వాడగా మిగిలింది గ్రిడ్‌కు చేరి నెట్ మీటరింగ్ ద్వారా బిల్లులో సర్దుబాటవుతుంది.

ఇరుకు వీధుల్లో చిక్కు ఇక్కడే ఉంది. మేడ మీద చోటు యజమానిది, కరెంటు బిల్లు అద్దెదారుది. పెట్టుబడి పెట్టేవారు ఒకరు, లాభపడేవారు మరొకరు అయినప్పుడు రాయితీ ఎంత ఉన్నా ఫలకం కప్పెక్కదు. ఒకచోట నెలకొల్పిన ఫలకాల విద్యుత్తును పలు ఇళ్ల మీటర్లకు పంచే వర్చువల్ నెట్ మీటరింగ్ ఇటువంటి వారి కోసం రూపొందినదే. అద్దె ఇళ్లకు అది అందేదాకా వారి దీపాలకు నైవేలి, రామగుండాలే ఆధారం.