చార్మినార్ కూల్చాలంటే ముందు కట్టాలి

సినిమాలో కోట కూలినప్పుడు "నిజంగానే పగలగొట్టారా?" అని మనలో మనం పందేలు వేసుకుంటాం కదా. పాతబస్తీ చార్మినార్‌నే తీసుకుందాం. 1591లో కట్టిన దాని మీద ఎవ్వరినీ సుత్తి ఎత్తనివ్వరు. అక్కడి జనంలో షూటింగే కష్టం. 'ఒక్కడు' (2003) సినిమాకి గుణశేఖర్ గారు వేరేచోట చార్మినార్ సెట్టే వేయించారు. ఇక కూల్చాలంటే ఇప్పుడు కంప్యూటరే దిక్కు.

కంప్యూటర్లో కూల్చేవాడు ముందు దాన్ని కట్టాలి. బయటి రూపం ఒక్కటే గీస్తే, పగిలినచోట గుడ్డు పెంకులాగ లోపల డొల్ల కనబడుతుంది. అందుకని గోడ మందం, లోపలి మెట్లు, రాయి, సున్నం అన్నీ పెడతారు. తర్వాత ఎండిన చెరువు నెర్రెలిచ్చినట్టు ఆ బొమ్మని ముక్కలు చేస్తారు. ముక్కకీ ముక్కకీ మధ్య జిగురులాగ ఇంత బలం అని లెక్క రాస్తారు. దెబ్బ అంతకు మించితే ముక్క విడిపోతుంది. సున్నపు గచ్చు పెళ్లలుగా ఊడుతుంది. 2019 మేలో ఒక మినారు నుంచి నిజంగానే పెళ్ల ఊడిపడింది. సిమెంటు శ్లాబు అలా కాదు, ఇనుప చువ్వలు పట్టుకుని వేలాడుతుంది. ఈ తేడా తెలియనివాడు ఎంత ఖరీదైన కంప్యూటర్ పెట్టుకున్నా దండగే.

ఇంకోటి, వేగం. 45 మీటర్ల పైనుంచి రాయి నేలకి రావడానికి సుమారు 3 సెకన్లు (ఫిజిక్సు సూత్రంలో వేసి చూసుకోండి). సినిమాకి సెకనుకి 24 బొమ్మలు, అంటే 72 బొమ్మలు. ఒక్క సెకనులో పడేస్తే చూసేవాళ్లకి అది చార్మినార్ కాదు, అగ్గిపెట్టెల మేడ.

ఆఖరున దుమ్ము. గాలి ఎటు తిరిగితే అదీ అటు తిరగాలి కాబట్టి లెక్కలు చాలా ఎక్కువ. ఒక్క బొమ్మకే గంటలు పట్టొచ్చు. ఇలాంటి కంప్యూటర్ పనిలో మనవాళ్లేం తక్కువ కాదు. 'ఈగ' (2012)కి జాతీయ అవార్డు అందుకున్న మకుట సంస్థ హైదరాబాదుదే.

ఈ పని నేర్చేవాళ్లు నిజంగా కూలినవాటి వీడియోలు చూస్తారట. 2020 అక్టోబరు వానలకి పాతబస్తీ దగ్గర బండ్లగూడలో రాత్రిపూట ప్రహరీగోడ ఇళ్లమీద పడి మనుషులు చనిపోయారు. సినిమాలోలాగ మంటా ఉండదు, పేలుడూ ఉండదు. వెనక నిలిచిన నీళ్లు నెడితే గోడ మొదట ఉబ్బుతుంది, బీట తీస్తుంది, ఆ తర్వాత ఒక్కసారే పడుతుంది.

మన స్నానాల గదుల వెనక గోడ కూడా ఒకచోట ఉబ్బి ఉంది. వార్డెన్ సారు ఒకసారి వచ్చి చూడాలని మనవి.